దవడ నొప్పికి లవంగం

బిడ్డా,

హైదరాబాద్‌లో నౌకరీ మానేసి అమ్మానాన్నల దగ్గరికి ఊరికి వచ్చేస్తున్నావని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో సంబరం నాకు వినబడింది. అందరి పిల్లలూ ఊరు విడిచి పోతుంటే నువ్వు ఎదురు వస్తున్నావు, నా కడుపు నిండింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ నాన్న గుండె రక్తనాళంలో స్టెంట్ వేసిన మనిషి, ఆసుపత్రి ఉన్న కల్వకుర్తికి అంత దూరంలో ఇల్లు.

మీ నాన్న సంగతి నీకు డాక్టర్లు చెప్పే ఉంటారు. రక్తం పలచబడే గోళీలు వాళ్లు చెప్పకుండా ఒక్కపూట కూడా ఆపకు. ఆకు పసరు ఇస్తామని ఎవరైనా వస్తే దండం పెట్టి పంపించు. ఛాతీలో బరువు, బిగుతు, ఎడమ చేతికి పాకే నొప్పి వస్తే 108కి ఫోన్ చెయ్యి, కదలకుండా కూర్చోబెట్టు. బండి మీద ఇద్దరి నడుమ ఇరికించి తీసుకుపోయేవు, కాళ్లు విరగ్గొడతా.

నా భయం మీ నాన్న గురించి కాదురా. మీ అమ్మ గురించి.

మా అత్తమ్మ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను అప్పుడు సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం నర్సును. పల్లికాయ తెంపే రోజులు. పొద్దున్నే చేనుకు పోయిన మనిషి గంటకే తిరిగొచ్చి అరుగు మీద కూలబడింది. "ఎడమ దవడ గుంజుతోంది" అంది. ఒకసారి వాంతి అయింది. చలిలో కూడా చెమటకు జాకెట్ తడిసిపోయింది. ఆమెకు షుగర్ ఉందని, గోళీలు ఇచ్చేదే నేనని నాకు తెలియదా? పన్ను పుచ్చిందనుకున్నా. లవంగం పెట్టా, గ్యాస్ గోళీ ఇచ్చా, మజ్జిగ కలిపిచ్చా. "ఏం లేదు, నువ్వు డ్యూటీకి పో" అంది. పోయాను! ఆ రోజు టీకాల రోజు.

మధ్యాహ్నం వచ్చేసరికి ఒళ్లు చల్లబడి ఉంది. 108 బండ్లు 2005లో గదా వచ్చింది, ఇది అంతకు చాలా ముందు. ట్రాక్టర్ మీద ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టర్ ఆమె దవడలోంచి లవంగం తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు నర్సువేనా?" అన్నాడు. ఈసీజీ తీసి, ఇది గుండెపోటు, పొద్దున వచ్చి ఉంటే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేదన్నాడు. సాయంత్రానికి పోయింది. ఇప్పటికీ బగారన్నంలో లవంగం పంటికి తగిలితే అన్నం పక్కన పెట్టేస్తా.

గుండెపోటులో ఆడవాళ్లకైనా ఛాతీ నొప్పే ఎక్కువగా వస్తుంది. కానీ వాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో అది రాకుండానే దవడ, వీపు, మెడ నొప్పి, వాంతి, ఆయాసం, చల్లటి చెమట రావచ్చు. మీ అమ్మకు పన్నెండేళ్ల నుంచి షుగర్. "నిమ్మళంగున్నావా అమ్మా?" అని అడిగితే బాగున్నాననే అంటుంది. అడగకు, చూడు. బాయి దగ్గర బిందె దించి మధ్యలో కూర్చుందా? వాకిలి సగం ఊడ్చి చీపురు పక్కన పెట్టిందా?

ఇంట్లో ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాముల గోళీ పెట్టుకో. గుండెపోటు అనుమానం వస్తే 108కి ఫోన్ చేశాక ఇవ్వడానికి. దాన్ని మింగకూడదు, నమలాలి. ఆస్పిరిన్ పడనివాళ్లకు, ఎక్కడైనా రక్తం కారుతున్నవాళ్లకు వద్దు. ఇద్దరికీ ఇవ్వొచ్చో లేదో ఇప్పుడే డాక్టర్‌ను అడిగి ఉంచుకో. గుండె నొప్పికి నాలుక కింద పెట్టే గోళీ డాక్టర్ రాసిచ్చిన మనిషికే, అదీ కూర్చోబెట్టి. బీపీ ఒక్కసారి పడిపోతుంది. గట్టిగా దగ్గితే గుండె ఆగదని ఫోన్లలో తిరిగే ముచ్చట్లు నమ్మకు.

మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా లేకపోతే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాలు దిగేలా నొక్కు. పక్కటెముక విరిగినా ఆపకు. బండి వచ్చేదాకా, అలసిపోతే ఇంకొకరు అందుకుని. ఆసుపత్రి గడపలోనే "గుండెపోటు అనుమానం, ఈసీజీ తీయండి" అని గట్టిగా చెప్పు. పది నిమిషాల్లో తీయాలి. అక్కడ చీటీ వరుసలో మర్యాదగా నిలబడకు.

వచ్చే ఆదివారం వస్తున్నా, మీ అమ్మ షుగర్ రిపోర్టులు తీసి పెట్టు. ఈ ఉత్తరం ఆమెకు చూపకు, "వదినెకు ఎప్పుడూ భయమే" అంటుంది. పల్లికాయ తెస్తున్నా, మీ నాన్నకు ఉప్పు వేయకుండా ఉడకబెడదాం.

మీ అత్త