పూర్తి కావడం తప్ప అన్నీ అయ్యాయా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు సంఘానికి నేను కార్యదర్శిని. మిద్దె మీది నీళ్ల ట్యాంకుల మరమ్మతు చేస్తున్న కాంట్రాక్టరు ఇంగ్లీషులో పంపిన ఉత్తరంలో ‘ది వర్క్ ఈజ్ ఆల్ బట్ కంప్లీట్’ అని రాశారు. ‘పూర్తి కావడం తప్ప అన్నీ అయ్యాయి’ అని సభ్యులకు చదివి వినిపిస్తే అందరూ నవ్వారు. కింది ఇంటి లెక్చరర్ గారు మాత్రం పని ముగింపుకు వచ్చిందని దాని అర్థమంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లె, కడప

జవాబు: లెక్చరర్ గారు చెప్పినదే అర్థం. అయితే మీ అనువాదంలో నవ్వవలసినదేమీ లేదు. ఆ పలుకుబడి పుట్టింది సరిగ్గా మీరు చదివిన తీరులోనే. ‘బట్’ అంటే ‘కానీ’ అని మాత్రమే మనం బడిలో నేర్చుకున్నాం గానీ, పాత ఇంగ్లీషులో దాని మూలరూపమైన ‘బూటన్’కు ‘వెలుపల’, ‘లేకుండా’ అని అర్థాలున్నాయి, వాటి నుంచి వచ్చిన ‘తప్ప’ అనే అర్థం నేటికీ నిలిచే ఉంది. పూర్తి అనిపించుకోవడం ఒక్కటే మిగిలింది, అంతదాకా జరగవలసినదంతా జరిగింది అని భావం.

చిక్కల్లా ఆ రెండు మాటలే మరో పనికీ వాడుకలో ఉండటం. ‘ఆల్ బట్ టూ ట్యాంక్స్’ అంటే రెండు ట్యాంకులు మినహా తక్కినవన్నీ అని. అక్కడ ‘దాదాపు’ అనుకుంటే లెక్క తప్పుతుంది. వెనుక వచ్చేది సంఖ్యో, వస్తువో, మనిషో అయితే మినహాయింపు అనీ, ‘కంప్లీట్’, ‘ఇంపాజిబుల్’ వంటి స్థితిని తెలిపే మాట గానీ క్రియ గానీ అయితే ‘దాదాపు’ అనీ గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. ‘ఎనీథింగ్ బట్ కంప్లీట్’ కూడా ఈ కుటుంబంలోదే, కాకపోతే దాని అర్థం తలకిందులు: పని ఏమాత్రం పూర్తి కాలేదని. ఉత్తరంలో ఆ ఒక్క మాట మారి ఉంటే మీ సభ్యులకు నవ్వు వచ్చేది కాదు.

దీన్ని పత్రికలు ‘దాదాపు పూర్తయింది’ అని రాస్తాయి. తప్పు కాదు, కానీ మన వైపు అంతకంటే చక్కని మాట ఉంది. వసారాలో కూర్చుని శెనక్కాయలు వలుస్తున్నవాళ్లను ఎంతవరకు వచ్చిందని అడిగితే ‘అయిపోవొచ్చిందిన్నా’ అంటారు. ‘తెల్లారొచ్చింది’ అనడంలోనూ అదే కట్టు. పని తనంతట తాను నడిచి ముగింపు దగ్గరికి వచ్చినట్టు చూపే ఈ ‘వచ్చు’ క్రియే ‘కావచ్చు’లో ఊహను, ‘కావచ్చింది’లో సామీప్యాన్ని తెలుపుతుంది. ‘అయినట్టే’ దారి వేరు, అది చెప్పేవారి భరోసా మాత్రమే. పండుగ ముందురోజు చొక్కా కోసం వెళ్తే దర్జీ ‘అయినట్టే సార్’ అంటాడు. చూస్తే చేతులు బల్ల మీద, కాలరు ఇంకా కత్తెర కింద.

మీ ఉత్తరానికి ‘పని పూర్తి కావచ్చింది’ అన్న తెలుగు చాలు. ‘ఆల్ బట్’ మిగిలినది ఎంతో చెప్పదు కనుక, చివరి బిల్లు చెల్లించే ముందు ఏ ట్యాంకుకు ఏ పని మిగిలిందో కాంట్రాక్టరు చేత తెలుగులోనే రాయించుకోండి.