2125 విశాఖ కథ మూడో పేజీలో ఆగిపోయిందన్నారు కదా: సమాధానం

నమస్కారమండీ. పేదరికం, నేరం, పొగ ఏవీ లేని 2125 నాటి విశాఖ మీద కథ మొదలుపెట్టి, మూడో పేజీలో ఆగిపోయానన్నారు. ఏ లోటూ లేనిచోట పాత్రకు పనేముంటుంది? ఆ సుఖానికి ఎవరు ఏం చెల్లిస్తున్నారో చూపించండి.

ఇంగ్లిష్ రచయిత థామస్ మోర్ 1516 నాటి తన పుస్తకంలో వర్ణించిన ‘యుటోపియా’ అనే ఊహా రాజ్యంలో సొంత ఆస్తి లేదు, పని రోజుకు ఆరు గంటలే. కానీ ఊరు దాటాలంటే అనుమతి పత్రం కావాలి. అది లేకుండా రెండోసారి దొరికితే బానిసత్వమే. ఆదర్శ రాజ్యంలో బానిసలు!

మీకు ఫిషింగ్ హార్బర్ ఉండనే ఉంది. ఇప్పుడు తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, సబబే. మీ కథలో ఆ నిషేధాన్ని ఏడాది పొడవునా పెట్టేయండి. జాలరిపేటలో ఇంటింటికీ తిండి, డబ్బు, వైద్యం అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది. ప్రాణాపాయం కాబట్టి సముద్రంలోకి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. ఓ ముసలాయన రాత్రిపూట తెప్ప దించుతాడు. తీరం కాపలా అధికారి ఆయన కూతురే.

పర్ఫెక్ట్ ప్రపంచం సాధ్యమా అని పాత్రలతో చర్చ పెట్టించకండి, వ్యాసమైపోతుంది. (నా మటుకు సాధ్యం కాదనే అంటాను, అది వేరే సంగతి.) కూతురికి మాత్రం ఆ ప్రభుత్వం మీద నిజమైన నమ్మకం ఉండాలి. ఆమెను విలన్ చేశారంటే కథ మళ్లీ చప్పబడుతుంది.