పైపుల్లో పెరిగిన క్యాప్సికం మొక్కలను కుండీల్లోకి మార్చడం ఎలా?

ప్రశ్న: మా దాబాపై షేడ్‌నెట్ కింద, పైపుల్లో పారే పోషక ద్రావణంలో 60 క్యాప్సికం మొక్కలు పెంచుతున్నాను. వయసు నెలన్నర. కరెంటు పోయినప్పుడల్లా మోటారు ఆగి మొక్కలు వడలుతున్నాయి కనుక ఆరుబయట కుండీల్లోకి మార్చాలనుకున్నాను. ముందుగా నాలుగింటిని ఎర్రమట్టి కుండీల్లో నాటి, రెండు పూటలా నీళ్లు పోసినా వారంలోనే చనిపోయాయి. పీకి చూస్తే వేళ్లు గోధుమ రంగుకు తిరిగాయి, పట్టుకుంటే పైపొర ఊడి వచ్చింది. మిగతావి దక్కే మార్గం చెప్పగలరు. – ఒక రైతు, చండూరు, నల్లగొండ జిల్లా

జవాబు: వేళ్ల పైపొర ఊడి వచ్చిందంటే మీ మొక్కలు నీళ్లు చాలక కాదు, నీళ్లు ఎక్కువై వేరుకుళ్లుతో చనిపోయాయి. ద్రావణంలో పెరిగిన వేళ్లకు నీరు, పోషకాలు, గాలి ఉన్నచోటికే వస్తాయి కాబట్టి అవి మెత్తగా, నూగు వేళ్లు తక్కువగా పెరుగుతాయి. ఎర్రమట్టి ఒక్కటే నింపిన కుండీలో రోజూ రెండుసార్లు నీళ్లు పడితే మట్టి బిగుసుకుని గాలి ఆడదు. ఆ లేత వేళ్లు కుళ్లిపోయి, కింద తడి ఉన్నా పైన ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి మళ్లీ నీళ్లు పోయడం ఎవరైనా చేసే పనే కానీ, ఇక్కడ అది మొక్కకు మరింత చేటు చేసింది.

కుండీ కనీసం 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉండి, అడుగున నాలుగైదు రంధ్రాలు ఉండాలి. ఎర్రమట్టి, కడిగిన కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, కుండీకి రెండు గుప్పెళ్ల వేపపిండి, కొద్దిగా ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం పొడి) చేర్చండి. కొబ్బరి పొట్టును రెండు మూడు నీళ్లలో కడగకపోతే అందులోని ఉప్పు లేత వేళ్లను మాడుస్తుంది.

మార్చడానికి వారం ముందు నుంచే మొక్కలను ఎండకు అలవాటు చేయాలి. నెట్‌ను మొదట ఉదయం గంటసేపు తొలగించి, రోజూ కొంత సమయం పెంచుతూ పోండి. ఒకేసారి ఎండలో పెడితే ఆకులపై కాగితంలా తెల్లని మచ్చలు పడతాయి. నాటడం సాయంత్రమే చేయండి. వేళ్లు జాలీ కప్పు (పైపులో మొక్కను నిలిపే రంధ్రాల కప్పు) లోంచి అల్లుకుని బయటికి వచ్చి ఉంటే కప్పును లాగవద్దు, పక్కలు కత్తిరించి దానితోనే నాటండి. కప్పులోని పొట్టు మట్టి పైకి తేలి ఉంటే గాలికి ఎండి, చుట్టూ ఉన్న తడిని కూడా పీల్చేస్తుంది కాబట్టి అర అంగుళం మట్టి కప్పాలి. అప్పటికే ఉన్న పూత, పిందెలు గిల్లేయండి. మనసొప్పకపోయినా తప్పదు, మొక్క బలమంతా ముందు వేరుకే పోవాలి.

నాటిన రోజు అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నీళ్లు పోసి, ఆ తర్వాత వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, తడి తగలకపోతేనే పోయండి. మొదటి పది రోజులు 50 శాతం షేడ్‌నెట్ నీడ ఉండాలి. మధ్యాహ్నం ఆకు కాస్త వాలి, సాయంత్రానికి నిలబడితే భయపడనక్కర లేదు. ఉదయం పూట కూడా వాలి ఉంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ల మందును లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొక్క మొదట్లో మట్టి తడిసేలా పోయండి. కొత్త ఆకు విచ్చుకున్నాకే 19-19-19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీటిలో కరిగే ఎరువు) లీటరుకు 2 గ్రాముల చొప్పున వారానికోసారి పోయండి.

మన జిల్లాలో చాలా బోర్ల నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. కుండీ అంచున తెల్లని పొర కడుతోందంటే నీటితో వచ్చిన లవణాలు పేరుకున్నట్లే. వీలైతే వాన నీరు వాడండి, లేదంటే పది రోజులకోసారి అడుగునుంచి ధారాళంగా కారేలా ఎక్కువ నీరు పోసి కడగండి. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని గుర్తించి, తొలిదశలోనే 1500 పీపీఎం గాఢత గల వేపనూనెను లీటరుకు 5 మి.లీ. చొప్పున పిచికారీ చేయండి.

మొత్తం ఒకేసారి కదపవద్దు. దసరా నాటికి ఎండ తగ్గుతుంది, క్యాప్సికం పిందె పట్టడానికి చలికాలమే అనువు. కాబట్టి అప్పుడు పది మొక్కలు మార్చి, వాటిలో కొత్త చిగురు కనిపించాక మిగతావి మార్చండి. అందాకా పైపులకు ఒక చిన్న ఇన్వర్టర్ పెట్టుకోగలిగితే మొక్కలు నిలుస్తాయి.