చెరువు ముంచింది, అమ్మాయిని మళ్లీ చెరువు చదువుకే పంపాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. పక్క రొయ్యల చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలితే ఆ నీళ్లు రాత్రికి రాత్రి కాలువలోకి వదిలారు. తెలియక అవే తోడుకున్నాం, రొయ్యలన్నీ పోయాయి, అప్పు మిగిలింది. ఇంటర్ బైపీసీ అయిన మా అమ్మాయి బీఎఫ్ఎస్సీ (చేపలు, రొయ్యల సాగు చదువు) అంటోంది. ఆడపిల్ల చెరువు గట్టున ఏం చేస్తుంది? బీఫార్మసీ మేలు కాదా? అంతకుముందు ఓ అర్ధరాత్రి కరెంటు పోతే రొయ్యలు ఊపిరాడక అంచుకు చేరుతున్నాయని ముందు చూసింది తనే అనుకోండి.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఏటా గోదావరి జిల్లాల నుంచి నాకు ఈ ఉత్తరం వస్తుంది. కోర్సుల పేర్లు మారతాయి, భయం మాత్రం అదే. మిమ్మల్ని ముంచింది అప్పు. అమ్మాయి కోరుకుంటున్నది చదువు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

తెల్లమచ్చ వైరస్‌కు మందు లేదు. తలపెంకు మీద చుక్కలు కనిపించేసరికి పంట చెయ్యి దాటిపోతుంది. తెగులు సోకిన నీటిని బ్లీచింగుతో శుద్ధి చేసి, కొన్నాళ్లు ఆపి వదలాలి. తోడుకునే నీటిని ముందు నిల్వ చెరువులో ఉంచి శుద్ధి చేయాలి. ఒకే కాలువ మీద బతికే రైతులంతా ఒక్క మాట మీద ఉంటేనే ఇది సాగుతుంది. తీరప్రాంత ఆక్వా సాగుకు 2005లోనే చట్టం వచ్చింది. చట్టం ఒక్కటే చాలదు, గట్టు మీదకు వచ్చి రైతులకు ఇవన్నీ నచ్చజెప్పగల చదువరులు కావాలి.

నా అనుమానం మరొకటి. డిగ్రీ అవగానే మందుల కంపెనీలో చేరి, బైకెక్కి ‘ఆక్వా కన్సల్టెంట్’ అనిపించుకోవడం ఇప్పుడు మోజు. నెలాఖరుకు టార్గెట్ ఉంటుంది. అవసరం లేని డబ్బాలు కూడా రైతుకు అంటగట్టాల్సి వస్తుంది. నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్‌ల అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది, ధర పడిపోయేది మళ్లీ మీ వంటి రైతుకే. ఆ ఉద్యోగంలో రెండేళ్లకే మనసు విరిగి నా దగ్గరకు వచ్చిన పిల్లలున్నారు. అందుకే డిగ్రీతో ఆపించకండి. జలచరాల ఆరోగ్యంలో ఎంఎఫ్ఎస్సీ (పీజీ) చేయనివ్వండి. ముంబయిలో సీఐఎఫ్ఈ (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) ఉంది. పరిశోధన మీద మనసుంటే చెన్నైలో ఉప్పునీటి సాగుకే ప్రత్యేకించిన పరిశోధన సంస్థ సీబా ఉంది.

బీఫార్మసీ ఇష్టపడి చేరేవాళ్లకు మంచి చదువే, మీ అమ్మాయి మాత్రం అది అడగలేదు. ‘ఆడపిల్ల గట్టున ఏం చేస్తుంది’ అన్న మాట చదివి నాకు కోపం వచ్చింది. ఏం చేస్తుందో ఆ రాత్రి మీరే చూశారు కదా! ఆ కన్ను అందరికీ ఉండదు. ధైర్యంగా ఉండండి, తను దారి తప్పే పిల్ల కాదు.

కౌన్సెలింగ్ లోపు ఒక పనిరోజు చూసుకుని ఇద్దరూ నెల్లూరు దగ్గరి ముత్తుకూరు మత్స్య కళాశాలకు వెళ్లి రండి. అక్కడ చదివే అమ్మాయిలతో తనను మాట్లాడనివ్వండి. ఆ కాసేపు మీరు బయట కూర్చోండి.