రాజాను ఇంట్లోనే సాగనంపవచ్చా?

ప్రశ్న: మా లాబ్రడార్ రాజాకు 13 ఏళ్లు. కిడ్నీలు పాడయ్యాయి. నెల రోజులుగా సెలైన్ ఎక్కిస్తున్నా క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన మలినం రక్తంలో ఎంతుందో చెప్పే లెక్క) 8.4 నుంచి దిగడం లేదు. నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు, నీళ్లు తాగినా కక్కేస్తున్నాడు. కారు ఎక్కించబోతేనే వణికిపోతాడు. ఇంటి దగ్గరే ఇంజెక్షన్ ఇప్పించి పంపించవచ్చా? నొప్పి ఉంటుందా? దానంతట అదే పోయేదాకా ఆగమని మా అత్తగారు అంటున్నారు. మా బాబుకు 8 ఏళ్లు, వాడికి ఏం చెప్పాలి?
- ఒక పాఠకురాలు, హన్మకొండ

సలహా: ఇప్పించవచ్చు. కారంటేనే భయపడే ప్రాణికి ఇల్లే మేలు. మీ అత్తగారు ప్రేమకొద్దీ అన్న మాటే అది. కానీ కిడ్నీలు పూర్తిగా చెడిన కుక్క నిద్రలోనే ప్రశాంతంగా పోవడం అరుదు. మలినాలు రక్తంలోనే నిలిచిపోయి వికారం, నోటి పుండ్లు వస్తాయి, చివర్లో ఫిట్స్ కూడా రావచ్చు. రాజా పెదవి ఎత్తి చూడండి. చిగుళ్ల మీద, నాలుక అంచున పుండ్లున్నా, ఊపిరి ఘాటుగా అమ్మోనియా వాసన కొడుతున్నా వాడికి ముద్ద ఎందుకు దిగడం లేదో అర్థమవుతుంది.

కుక్కల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు క్రియాటినిన్ 5 దాటితే చివరిదైన నాలుగో దశ. ఒక్క సంగతి మాత్రం మీ డాక్టర్‌ను అడగండి: స్కాన్‌లో కిడ్నీలు కుంచించుకుపోయి కనిపించాయా? ఎలుకల నుంచి వచ్చే లెప్టో ఇన్ఫెక్షన్ వంటి వాటితో హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు కొన్నిసార్లు కోలుకుంటాయి. కుంచించుకుపోయినవి కోలుకోవు.

ఇంకా తేల్చుకోలేకపోతే అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ రూపొందించిన కొలమానం ఉంది. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా - ఈ ఏడింటికీ పదేసి మార్కులు. ఎంత బాగుంటే అన్ని మార్కులు. మొత్తం 35 దాటకపోతే ఇక లాగడం వాడికి మేలు కాదు. మీరూ అత్తగారూ విడివిడిగా వేసి చూసుకోండి.

ఇక ఇంజెక్షన్ సంగతి. రిజిస్టర్డ్ పశువైద్యుడే చేయాలి. ఫోన్‌లోనే ఒక ప్రశ్న అడగండి: "ముందు మత్తు ఇస్తారా?" మొదట కండకు మత్తు సూది. అప్పుడు చిన్న చురుకు తప్పదు. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తల వాల్చేస్తాడు. తర్వాత ముందు కాలి మీద కాస్త బొచ్చు తీసి, నరానికి క్యాన్యులా (మందు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టి, థయోపెంటోన్ వంటి మత్తుమందు అధిక మోతాదులో ఎక్కిస్తారు. ఒకటి రెండు నిమిషాల్లో శ్వాస, గుండె ఆగిపోతాయి. గాఢమైన మత్తులోకి వెళ్లాక గుండెను ఆపే పొటాషియం క్లోరైడ్ కూడా ఇస్తే తప్పులేదు. స్పృహలో ఉండగా పొటాషియం గానీ, మెగ్నీషియం సల్ఫేట్ గానీ, గుండెలోకి సూది గానీ ఒప్పుకోవద్దు. అది హింస. ఒక్క సూదితో అయిపోతుందని ఎవరైనా అంటే వేరే డాక్టర్‌ను వెతకండి. మనుషుల నిద్రమాత్రలు మీరే వేయడం అసలు వద్దు. కక్కుకుని, సగం స్పృహలో గంటల తరబడి నలిగిపోతాడు.

రాజా విషయంలో ఇబ్బంది రావచ్చనిపించేది నరం దగ్గరే. ఒంట్లో నీరు తగ్గితే నరాలు అణిగిపోతాయి, మత్తుతో బీపీ పడిపోతే ఇంకా దొరకవు. క్యాన్యులా మత్తు సూదికి ముందే పెట్టమని అడగండి. వెనక కాలి నరం కూడా పనికొస్తుంది. జైలజీన్ మత్తుతో కొన్ని కుక్కలు కక్కుతాయి కాబట్టి ఆ పూట బలవంతంగా తినిపించకండి. పెరుగు నాకుతానంటే మాత్రం నాకనివ్వండి.

వాడు రోజూ పడుకునే చోటే ప్లాస్టిక్ షీటు, పైన పాత దుప్పటి పరవండి. మలమూత్రాలు వదిలేస్తాడు. కళ్లు తెరిచే ఉంటాయి. గుండె ఆగాక కూడా రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి తీసినట్టు, కండరాలు అదిరినట్టు కనిపిస్తుంది. వాడికి తెలిసి జరిగేది కాదది, బతికున్నాడేమోనని బెంగపడకండి. డాక్టర్ స్టెతస్కోప్‌తో ఐదు నిమిషాలు విని, కంటిపాపను తాకి చూశాకే ఖాయం చేయమనండి. కొన్ని గంటల్లో ఒళ్లు బిగుసుకుంటుంది, అందుకే కాళ్లు ముందే మడిచి దుప్పటిలో చుట్టండి. లాబ్రడార్ బరువు ఒక్కరికి ఆగదు, నాలుగు మూలలూ పట్టుకోవడానికి మనుషుల్ని చూసుకోండి.

పూడ్చేట్టయితే బావికి, బోరుకు దూరంగా, కనీసం నాలుగడుగుల లోతు తీయించండి. ఆ మందు మృతదేహంలోనే ఉండిపోతుంది, తవ్వుకు తిన్న కుక్కా గద్దా కూడా చావొచ్చు. స్థలం లేకపోతే పెంపుడు జంతువుల దహనవాటిక ఎక్కడుందో డాక్టర్‌నే అడగండి.

బాబుకు "నిద్రపోయాడు" అని చెప్పకండి, వాడికి నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. "రాజాకు జబ్బు నయం కాదు, బాధ లేకుండా చనిపోవడానికి డాక్టర్ మందు ఇస్తారు" అని ముందురోజే చెప్పండి. ఉంటానంటే ఉండనివ్వండి, మత్తు ఎక్కాక బయటికి వెళ్తానన్నా సరే.

ఫీజు, సంతకాలు ముందే ముగించుకోండి. డాక్టర్‌ను పొద్దున పూటే రమ్మనండి. వెలుతురుంటే నరం తేలిగ్గా దొరుకుతుంది, గొయ్యి తవ్వడానికీ పగలుంటుంది.