టెక్ సందేహాలు: పగలు లెక్కలు, రాత్రి గేమ్స్... లైనక్స్ నెగ్గుకొస్తుందా?

ప్రశ్న: ఇంట్లో ఉన్నది ఒకటే పీసీ. పగలు దాని మీద నా వ్యాపారం లెక్కలు, కొటేషన్లు. రాత్రయితే మా అబ్బాయి గేమ్స్. విండోస్ 11 పెట్టబోతే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదని మొండికేసింది. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టేద్దామని మావాడు, పని ఆగిపోతుందని మా అకౌంటెంట్. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఒక్కసారి బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరిచే పీసీ సెట్టింగుల్లోకి) వెళ్లి చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే పీటీటీ అనీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనీ టీపీఎం పని చేసే ఒక ఆప్షన్ ఉంటుంది, చాలా పీసీల్లో అది ఉండి కూడా ఆఫ్‌లో పడి ఉంటుంది. అది ఆన్ చేస్తే విండోస్ 11 దారికొచ్చి, మీ ఇంట్లో ఈ గొడవే ఉండకపోవచ్చు. ప్రాసెసరే పాతదైతే మాత్రం కింద రాసింది చదవండి. విండోస్ 10కి మామూలు సపోర్టు (సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి అలాగే లాగించేయండి అని నేనూ అనలేను.

తమాషా ఏంటంటే, లైనక్స్ కావాలంటున్న మీ అబ్బాయికే ముందు దెబ్బ తగలొచ్చు.

గేమ్స్ అసలు నడవవని కాదు. 2018 ఆగస్టులో వాల్వ్ కంపెనీ వాళ్లు తమ గేమ్స్ స్టోర్ స్టీమ్‌లో ప్రోటాన్ అనేదాన్ని కలిపినప్పటి నుంచి పరిస్థితి బాగా మారింది. విండోస్ గేమ్ డైరెక్ట్‌ఎక్స్‌ అనే విండోస్ గ్రాఫిక్స్ భాషలో అడిగే పనిని అది అప్పటికప్పుడు లైనక్స్‌కీ తెలిసిన వల్కన్‌లోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకి అందిస్తుంది. 2022లో వచ్చిన, లైనక్స్ మీద నడిచే చేతి గేమింగ్ పరికరం స్టీమ్ డెక్‌లో విండోస్ గేమ్స్ ఆడుతున్నది దీని చలవతోనే. సింగిల్ ప్లేయర్ గేమ్స్ చాలావరకు ఇన్‌స్టాల్ చేసి ప్లే నొక్కితే నడిచిపోతాయి. ఎన్విడియా కార్డు ఉంటే వాళ్ల సొంత డ్రైవర్ వేసుకోవడం మరిచిపోకండి. గేమ్ తెరిచేటప్పుడు ఒక్కోసారి వల్కన్ షేడర్లు ప్రాసెస్ చేస్తున్నానంటూ ఒక బార్ నత్తలా పాకుతుంది. హ్యాంగ్ అయిందనుకుని పీసీ ఆఫ్ చేయొద్దు (నేను చేశాను, అది మళ్లీ మొదటికొచ్చింది).

చిక్కంతా ఆన్‌లైన్ గేమ్స్‌తోనే. వాలరెంట్‌లో ఉండే వాన్‌గార్డ్ అనే యాంటీ-చీట్ (ఆటలో మోసాలు పట్టే ప్రోగ్రామ్) విండోస్ గుండెకాయలాంటి కెర్నల్ లోపలే కాపురం పెడుతుంది, లైనక్స్‌లో దానికి ఆ చోటే లేదు, కాబట్టి గేమూ రాదు. ఫోర్ట్‌నైట్ కూడా అంతే. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ అనే ఇలాంటి ప్రోగ్రాములు మాత్రం ప్రోటాన్‌తో పనిచేయగలవు, కాకపోతే ఆ వీలు ఇవ్వాల్సింది గేమ్ తయారుచేసినవాళ్లు, మనం చేయగలిగింది ఏమీ లేదు. ఎపెక్స్ లెజెండ్స్ అలా కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడిచి, 2024లో లైనక్స్ వాళ్లకి తలుపులు మూసేసింది. మీవాడు రోజూ ఆడే గేమ్స్ పేర్లు కాగితం మీద రాయించి, ఒక్కొక్కటీ లైనక్స్‌లో ఎలా నడుస్తోందో ఆడినవాళ్లు రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో వెతకమనండి, స్నేహితులతో కలిసి ఆడేది ఒక్కటి అందులో ఎగిరిపోయినా లైనక్స్ మాట వాడే మానేస్తాడు.

ఇక మీ పని. మెయిల్, బ్రౌజర్, వీడియో కాల్స్‌కి ఇబ్బంది లేదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కానీ లైనక్స్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే వెర్షన్ లేదు, దాని బదులు లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వాడాలి. నేను మొదటిసారి అందులో తెరిచిన కొటేషన్ ఒక పేజీది, చూస్తే సంతకం ఒక్కటే రెండో పేజీలోకి జారిపోయి ఉంది! ఫైలు పాడైందని అరగంట టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే లైనక్స్‌లో కాలిబ్రి ఫాంట్ లేదు, దాని బదులు వచ్చిన ఫాంట్ అక్షరాలు కాస్త వెడల్పు, లైన్లన్నీ కిందికి నెట్టుకొచ్చాయి. కార్లిటో అనే ఉచిత ఫాంట్ అక్షరాలు సరిగ్గా కాలిబ్రి కొలతల్లోనే ఉంటాయి. అది వేశాక సంతకం దాని చోటికి అది వచ్చింది.

ఎక్సెల్ మాక్రోలకి (ఫైల్లో పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములకి) మాత్రం ఇంత సులువైన మందు లేదు. లిబ్రేఆఫీస్‌కి వాటిలో కొన్నే అర్థమవుతాయి. మీ అకౌంటెంట్ భయం బహుశా ఇదే, అందులో న్యాయం ఉంది. లిబ్రేఆఫీస్ విండోస్‌లో కూడా నడుస్తుంది కాబట్టి ఇవాళే, ఏమీ మార్చకుండా, ఉన్న పీసీలోనే అది వేసి మీరు రోజూ వాడే ఓ పది ఫైళ్లు కాపీ చేసుకుని తెరవండి. ఆ తర్వాత లైనక్స్ రకాల్లో ఒకటైన లైనక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వైఫై, ప్రింటర్, మైక్ పరీక్షించండి. హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోనక్కర్లేదు. లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్‌కి మాత్రమే వచ్చేదైతే, విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపే వైన్‌లో ఎలాగోలా నడుస్తోంది కదా అని డబ్బు లెక్కలు దానికి అప్పగించడం నాకు నచ్చదు. అలాంటప్పుడు మీవాడికి లైనక్స్‌ని డ్యూయల్ బూట్‌గా (ఒకే పీసీలో రెండూ ఉండి, ఆన్ చేసేటప్పుడు ఎంచుకునేలా) ఇచ్చి, విండోస్‌ని ఆ లెక్కలకే ఉంచండి, మెయిల్, బ్రౌజింగ్ అందులో పెట్టుకోకండి.

ప్రశ్న: ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదే నడుస్తుంటే, వ్యాపారానికి అది చాలదని మీరు ఎలా అంటారు?

జవాబు: నిజమే, 2017 నవంబర్ జాబితా నుంచి ఆ 500లో ఒక్కటి కూడా వేరేది లేదు. కానీ సూపర్ కంప్యూటర్‌కి ఎవరూ మాక్రోలున్న ఎక్సెల్ ఫైలు మెయిల్ చేసి సాయంత్రంలోగా నింపి పంపమనరు కదండీ. సర్వర్ అయితే నేనూ కళ్లు మూసుకుని లైనక్సే పెడతాను.

ప్రశ్న: డ్యూయల్ బూట్ చేశాను. విండోస్ డ్రైవ్‌లో ఉన్న గేమ్స్ ఫోల్డర్‌నే లైనక్స్ స్టీమ్‌కి చూపించాను. లైబ్రరీలో కనిపిస్తున్నాయి, ప్లే నొక్కితే మాత్రం రెండు సెకన్లలో ఆరిపోతున్నాయి.

జవాబు: ఆ డ్రైవ్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటుంది. ప్రోటాన్ తన ఫైళ్లలో కొన్ని పేర్లు, లింకులు పెట్టుకునే తీరు దానికి సరిపడదు. కొంతమంది ఏవో తంటాలు పడి నడిపిస్తారు కానీ మీకెందుకు ఆ బాధ, లైనక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లో వేరే పార్టిషన్ చేసి గేమ్ ఫోల్డర్లు అందులోకి కాపీ చేయండి. స్టీమ్‌లో ఆ చోటు చూపించి ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్న ఫైళ్లని సరిచూసుకుని, తక్కువైనవే దింపుకుంటుంది. కాపీ చేసే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేశాక కూడా విండోస్ ఆ డ్రైవ్‌ని పూర్తిగా వదలదు.