డేటాబేస్ కనెక్ట్ కాకపోతే ఎర్రర్ పేజీకి రీడైరెక్ట్ చెయ్యాలా?

పీహెచ్‌పీలో (సైట్లు రాసే భాష) ‘ఆర్ డై’ (‘కుదరకపోతే ఆగిపో’ అనే ఆదేశం) రాసినా కనెక్షన్ ఫెయిలైనప్పుడు పనిచెయ్యట్లేదని ఒకరు అడిగారు. బదులుగా ఎర్రర్ పేజీకి హెడర్ లొకేషన్ (బ్రౌజర్‌ని వేరే పేజీకి వెళ్లమనే సూచన) పెడితే ల్యాప్‌టాప్‌లో వెళ్తోంది కానీ, సర్వర్‌లో ‘హెడర్లు ముందే వెళ్లిపోయాయి’ అని వార్నింగ్ వస్తోందన్నారు.

మొదటిది వెర్షన్ సంగతి. 2021లో వచ్చిన పీహెచ్‌పీ 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్‌ఐ (పీహెచ్‌పీని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కలిపేది) కనెక్ట్ కాకపోతే ఫాల్స్ ఇవ్వదు, ఎక్సెప్షన్ (కోడ్‌ని అక్కడే ఆపే ఎర్రర్) విసురుతుంది. ‘ఆర్ డై’ దాకా కోడ్ రానే రాదు. దాన్ని పట్టుకోవడానికి ట్రై, క్యాచ్ పెట్టండి.

రెండోదానికి జవాబు ఆ వార్నింగ్‌లోనే ఉంటుంది. అవుట్‌పుట్ ఏ ఫైల్లో, ఏ లైన్లో మొదలైందో అందులో రాసి ఉంటుంది, చూడండి. కాన్ఫిగ్ ఫైల్ ఒకటో లైన్ అంటే చాలాసార్లు ఫైల్ బీఓఎమ్‌తో (మొదట్లో కనపడకుండా చేరే బైట్లు) సేవ్ అయి ఉంటుంది. చివరి లైన్ అంటే ముగింపు ట్యాగ్ తర్వాత ఖాళీ లైన్లుంటాయి, ఆ ట్యాగే తీసేయండి. ఎక్సాంప్‌లో (ల్యాప్‌టాప్‌నే సర్వర్‌లా నడిపే ప్యాకేజీ) అవుట్‌పుట్ బఫరింగ్ (పంపే ముందు కాస్త ఆపి ఉంచడం) 4096 బైట్లు ఉండటంతో లోకల్‌లో ఈ తప్పు బయటపడదు.

అయితే నా మాట వింటే, డేటాబేస్ పడిపోయినప్పుడు అసలు రీడైరెక్ట్ చెయ్యొద్దు.

నేను వైజాగ్‌లో చిన్న వ్యాపారాలకు సైట్లు చూస్తుంటాను. అరకు టూర్లు వేసే ఒక ట్రావెల్స్ వాళ్ల సైట్ సంక్రాంతి సెలవుల ముందు నా దగ్గరికొచ్చింది. అందరూ ఒకేసారి బుకింగ్‌కి వచ్చేసరికి కనెక్షన్లు నిండిపోయి 1040 ఎర్రర్ వస్తోంది. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ పరిమితి ఒకేసారి 151 కనెక్షన్లు. ఎర్రర్ రాగానే ఎర్రర్ పేజీకి పంపేలా రాసి ఉంది. కానీ ఆ పేజీ పైనున్న మెనూ కూడా డేటాబేస్ నుంచే రావాలి! అదీ ఫెయిలై మళ్లీ అదే పేజీకి పంపుతోంది. అలా తిరిగి తిరిగి చివరికి బ్రౌజరే ఆపేస్తోంది. తిరిగిన ప్రతిసారీ, అసలే ఊపిరాడని డేటాబేస్‌కి ఇంకో దెబ్బ.

నాకు బాధనిపించింది కస్టమర్ల పరిస్థితి చూసి. ఇంట్లో ఆరుగురి పేర్లు, వయసులు, మద్దిలపాలెంలో ఎక్కుతామా గాజువాకలోనా అన్నదీ ఫోన్‌లో ఓపిగ్గా కొట్టి సబ్మిట్ నొక్కితే అంతా పోయేది. 302తో (మామూలు రీడైరెక్ట్ కోడ్) పంపితే బ్రౌజర్ కొత్త పేజీని గెట్‌గా (పేజీ మాత్రమే అడిగే పద్ధతి) అడుగుతుంది, ఫారంలో నింపినవి వెంట రావు.

క్యాచ్‌లో ఇలా మార్చాం: అసలు ఎర్రర్‌ని లాగ్‌లోకి రాయడం, 503 స్టేటస్ (ప్రస్తుతం సేవ అందుబాటులో లేదని), రీట్రై ఆఫ్టర్ హెడర్ (ఎంతసేపాగి మళ్లీ రావాలో) ఇవ్వడం, డేటాబేస్ అవసరం లేని చిన్న హెచ్‌టీఎంఎల్‌లో ‘కాసేపాగి రీఫ్రెష్ చెయ్యండి’ అనీ ఆఫీసు ఫోన్ నంబరూ చూపించడం, ఎగ్జిట్. అడ్రస్ మారదు కాబట్టి రీఫ్రెష్ కొడితే ఫారం మళ్లీ పంపనా అని బ్రౌజర్ అడుగుతుంది. 503 చూస్తే గూగుల్‌కీ ఇది తాత్కాలికమేనని తెలుస్తుంది.

రీడైరెక్ట్ కావాల్సింది బుకింగ్ సేవ్ అయ్యాక. అక్కడ 303తో (‘ఫలితం ఇంకో పేజీలో చూడు’ అనే కోడ్) రసీదు పేజీకి పంపితే రీఫ్రెష్ కొట్టినా రెండో బుకింగ్ పడదు. 301 (శాశ్వత రీడైరెక్ట్) మాత్రం వద్దు, బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది. లొకేషన్ హెడర్ కింద ఎగ్జిట్ తప్పనిసరి. లేకపోతే కింది కోడంతా నడుస్తూనే ఉంటుంది. లాగిన్ చెక్ చేసే పేజీలో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మార్చాక ఎక్సాంప్‌లో అవుట్‌పుట్ బఫరింగ్ ఆఫ్ చేసి, మైఎస్‌క్యూఎల్ ఆపేసి, బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో 503 వస్తోందో లేదో చూడండి. 200 (అంతా బాగుందనే కోడ్) కనిపిస్తే స్టేటస్ కంటే ముందే ఎక్కడో అవుట్‌పుట్ వెళ్లిపోతూ ఉండొచ్చు.